దక్షిణపు తాడు మీద చోటు

మొగలిదిబ్బ
6 డిసెంబర్ 2024

బావకి,

అత్త పక్కనే కూర్చుని "ఉబయకుశలోపరి అని రాయే, మీ మావ ఎప్పుడూ అలగే రాయించీవోడు" అంటోంది. నువ్వూ బాగున్నావు, నేనూ బాగున్నాను అనేగా దాని అర్థం. నువ్వెలా ఉన్నావో నాకు తెలియదు. నేను అంత బాగా లేను. అందుకే రాయను.

ఫోన్లుండగా ఈ ఉత్తరాలేమిటని పక్కింటి గౌరి నవ్వుతోంది. దానికేం తెలుసు? నువ్వు గుజరాత్‌లో ఆ వెరావల్ ఒడ్డుకొచ్చి ఫోన్ చేస్తే ఆ వైపు గది నిండా మనుషులు, ఈ వైపు అత్త. "తిన్నావా?" "తిన్నాను." "ఉంటాను మరి." అంతే మన కాపురం. మళ్లీ బోటెక్కితే వారాల తరబడి సిగ్నలే ఉండదు. కాగితమైతే నీతోపాటు బోటెక్కుతుంది. తడవకుండా దాచుకో.

ఇక్కడి సముద్రం సంగతి చెప్పాలి. దీపావళి వెళ్లినప్పటి నుంచి పెద్దవల వేసినప్పుడల్లా జెల్లీచేపలే పడుతున్నాయి. మొదటిసారి చూసి నేను తాటిముంజలనుకున్నాను. సాలూరు పిల్లని కదా, నవ్వకు. వల బరువుగా వస్తోందని ఒడ్డున రెండు తాళ్లూ పట్టుకుని అందరూ హుషారుగా కేకలు పెట్టుకుంటూ లాగుతారు. తీరా వల చివరి సంచి విప్పితే జారిపోయే ముద్దలు, వాటి అడుగున నలిగిపోయిన నెత్తళ్లు నాలుగు. ఆ జిగురు వల కళ్లకు పట్టుకుని కడిగినా వదలడం లేదు. నిరుడు ఈపాటికి కవ్వళ్లు ఎండబెట్టడానికి ఇసుకలో చోటు చాలక ఆడవాళ్లు కొట్టుకున్నారు. ఇప్పుడు ఇసుకంతా ఖాళీగా ఉంది.

నిన్న సూరయ్య తాత వచ్చి మన అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. మావ పోయి నువ్వు గుజరాత్ వెళ్లినప్పటి నుంచి, వలకి పెద్దమనిషిగా ఆయనే తాడు మీద నీ చోటు కాపాడుతూ మన వాటా పంపిస్తున్నాడు కదా. చేపలు పడినన్నాళ్లూ ఎవరూ నోరెత్తలేదు. ఇప్పుడు తట్టెడు చేపల కోసం ఊరంతా చేతులు చాపుతుంటే, లేని మనిషికి వాటా ఏమిటని హరిబాబు వాళ్లు గొణుగుతున్నారట. "తాడు మీద ఇంటి సెయ్యి ఉండాలమ్మీ. అది మా తాతలనాటి కట్టు. సెయ్యి నేని ఇంటి సోటు వేరేవోలికి ఎల్లిపోతాది. పుష్యం వచ్చీవొరకూ నాను ఆపగల్ను" అన్నాడు.

అత్త కంగారుపడింది. నేను పడలేదు. ఏదో ఒక దారి చూస్తాను, నువ్వు బెంగ పెట్టుకోకు. బెంగంతా నా దగ్గర ఉంది, నీదాకా రానివ్వను.

నీ
రేఖ


బోటు మీద నుంచి
28 డిసెంబర్ 2024

సాలూరు దొరసానికి,

బోటు తాడు విప్పేముందు నీ ఉత్తరం ఓనరు ఆఫీసులో చేతికిచ్చారు. వెంటనే విప్పలేదు. ఒడ్డు కనబడకుండా పోయాక, వలల కుప్ప మీద కూర్చుని చదివాను. మనూరి ఎర్రన్న ఈ ఏడు నాతో ఇదే బోటులో ఉన్నాడని చెప్పాను కదా. "ఏటి రాసినాదిరా మీ ఇంటిది?" అని మెడ సాచాడు. "ఉబయకుశలోపరి" అని చెప్పి కాగితం మడిచేశాను.

జెల్లీల సంగతి విని ఆశ్చర్యపోలేదు. ఇక్కడ వాటిని పనిగట్టుకుని పడతారు. ఉప్పూ పటికా పట్టించి, నీరంతా ఓడ్చి, ఓడల్లో విదేశాలకి పంపిస్తారు. అక్కడ వాళ్లు ఇష్టంగా తింటారట. కాబట్టి నువ్వు తాటిముంజలనుకోవడంలో పెద్ద తప్పేం లేదు. కానీ వట్టి చేత్తో ముట్టుకోకు. కిందికి వేలాడే దారాలుంటాయి, అవి తగిలితే చర్మం మండిపోతుంది. చచ్చి ఒడ్డున పడినవి కూడా కుడతాయి.

నా చోటు గురించి రాశావు. సూరయ్య తాతని ఎలాగైనా మే నెల దాకా ఆపమను. మేలో సీజన్ అయిపోగానే వచ్చేస్తాను, ఇక మళ్లీ గుజరాత్ రాను. ఈ మాట నిన్ను ఊరించడానికి రాయడం లేదు. ఆ చోటు ఉంటే నేను మన ఊళ్లో బతకగలను. అది పోతే నాకు అక్కడ ఇల్లుంటుంది గానీ పని ఉండదు.

మన పెళ్లయిన వారానికి నువ్వు మొదటిసారి ఒడ్డుకొచ్చిన రోజు గుర్తుందా? అమ్మతో కలిసి మధ్యలో, వల వచ్చే దగ్గర నిలబడ్డావు. నేను దక్షిణపు తాడు మీద, నీళ్ల వైపు నుంచి మూడో మనిషిని. నాన్న నా ముందున్నాడు. రెండు తాళ్ల వాళ్లూ ఎక్కడెక్కడో దూరంగా మొదలుపెడతారు, ఒకరి మొహం ఒకరికి ఆనదు. వల దగ్గరికొచ్చేకొద్దీ అడుగు అడుగు పక్కకి జరుగుతూ చివరికి ఒకే చోటికి చేరతారు. ఆ రోజు నీ చీర రంగు మాత్రమే కనబడింది ముందు. తర్వాత చేతులు. తర్వాత మొహం. చేపలెన్ని పడ్డాయో నాకు ఇప్పటికీ తెలియదు. నాన్న వెనక్కి తిరిగి "ఒరే, తాడు సూడరా" అని తిట్టాడు.

ఒక్క మాట. మీ నాన్న సముద్రం వదిలేసి సాలూరులో లారీ పట్టిన మనిషి. నిన్ను మళ్లీ ఈ ఒడ్డుకే ఇవ్వడానికి ఎంత వెనకాడాడో నీకు తెలుసు. రేఖ చేతులు వలలో పెట్టనివ్వనని ఆయనకి మాటిచ్చి నిన్ను తెచ్చుకున్నాను. అది మరిచిపోకు.

ఒడ్డుకి వెళ్లే బోటు ఏదైనా ఎదురైతే ఈ కాగితం వాళ్ల చేతికిస్తాను. ఇక్కడ చలిగాలి. నువ్విచ్చిన దుప్పట్లో నీ వాసన పోయింది. ఉప్పు వాసనే మిగిలింది.

మీ బావ
మోహన్


మొగలిదిబ్బ
19 జనవరి 2025

బావకి,

అక్షరాలు చూసి బెదిరిపోకు. రాసేది గౌరి, చెప్పేది నేను. గంజి వారుస్తుంటే కుడిచెయ్యి కాలింది. పెద్దదేం కాదు, తగ్గిపోతుంది. (బావా, నేను గౌరిని. నా చేత రాయిస్తోంది కాబట్టి ముద్దు మాటలేవీ ఉండవు, క్షమించు.)

జెల్లీలు ఇంకా పోలేదు, ఎక్కువయ్యాయి. మొన్న ఎచ్చెర్ల యూనివర్సిటీ నుంచి అనూరాధ మేడమ్ అని ఒకావిడ బకెట్లతో వచ్చింది. బూట్లు విప్పి మాతోపాటు నీళ్లలోకి దిగింది. ఒక జెల్లీని బకెట్లో వేసి, దాని గొడుగు కింద ఇరుక్కుని ఈదుతున్న చిన్న చిన్న పార చేపపిల్లల్ని చూపించింది. పెద్ద చేపలు వాటి జోలికి రాకుండా అక్కడ దాక్కుంటాయట. ఇదే జెల్లీ మిగతా చేపల గుడ్లనీ, కంటికి ఆనని పిల్లల్నీ తినేస్తుందట. పైగా చేపపిల్లలకి కావలసిన మేత కూడా అదే తినేస్తుందట. ఒకరికి నీడ ఇచ్చి పదిమంది నోటి దగ్గర కూడు లాక్కునే రకం అన్నమాట. అన్నీ ఒక్కసారి చచ్చి అడుక్కి దిగి కుళ్లితే, అక్కడి నీళ్లలో చేపలకి ఊపిరి కూడా సరిపోదట.

ఎందుకిన్ని వచ్చాయని అడిగితే, నీళ్లు వేడెక్కడం ఒకటి, కాలవల్లోంచి వచ్చే మురికీ ఎరువూ ఒకటి, వాటికి పోటీగా ఉండే చేపల్ని మనం ఎక్కువగా పట్టేయడం ఒకటి అని చెప్పింది. మన దగ్గర వీటిలో ఏది ఎంతో తనకింకా తెలియదంది. సూరయ్య తాత ఊరుకోలేదు. "అవన్నీ సరేగానమ్మా, ఈటికి పోయీ ఉద్దేశం ఉన్నాదా నేదా?" అన్నాడు. ఆవిడ నవ్వి, "తెలిస్తే ముందు నీకే చెప్తాను తాతా" అంది.

అక్కడికి దగ్గర్లోనే ఒక తాబేలు చచ్చి కొట్టుకొచ్చింది. తాబేళ్లు జెల్లీల్ని తింటాయని మేడమ్ చెప్పింది. పెద్ద బోట్ల వలల్లో పడి ఊపిరాడక చచ్చిపోతుంటాయట. అత్త ఇంట్లోంచి కుంకుమ తెచ్చి దాని డిప్ప మీద పెట్టి, శ్రీకూర్మం వైపు తిరిగి దండం పెట్టింది. నీ బోటు వలలో కూడా పడతాయా బావా?

నీ చోటు పదిలంగా ఉంది. ఎలాగని అడక్కు.

(ఇక నా చెయ్యి నొప్పెడుతోంది బావా.)

రేఖ


వెరావల్
16 ఫిబ్రవరి 2025

రేఖకి,

ఒడ్డుకి రాగానే ఎర్రన్న ఇంటికి ఫోన్ చేసుకున్నాడు. ఫోన్ పెట్టేసి గదిలో అందరి ముందూ చెప్పాడు. "ఒరే, మీ ఇంటిది దచ్చినం తాడు మీద ఉంటన్నాదంటరా. సెయ్యి గుమ్మడికాయలాగ పొంగిపోనాదంట." అందరూ నా వైపు చూశారు. నేను రేవులో పని ఉందని బయటికి వెళ్లిపోయాను.

గంజి అన్నావు. ఇంకొకరి చేత రాయించి మరీ గంజి అన్నావు.

అమ్మ పంపిందా నిన్ను? వాటా చేపల కోసం కోడల్ని తాడుకి కట్టిందా? నేను ఇంత దూరం వచ్చి ఐసు పెట్టెల మధ్య పడుకునేది ఎందుకు? నువ్వు ఆ పని చేయకూడదనే కదా. మీ నాన్నకి నేను ఏ మొహం చూపించాలి?

తాబేళ్ల గురించి కూడా అడిగావు. పడతాయి. పడినప్పుడు నాకు సంతోషంగా ఉంటుందనుకున్నావా?

నీ చేతులు పుండ్లు చేసుకుని నిలబెట్టే చోటు నాకు వద్దు. సూరయ్య తాతకి చెప్పెయ్. వచ్చే ఏడు కూడా వస్తానని ఓనరుకి చెప్పేశాను.

మోహనకృష్ణ


బోటు మీద నుంచి
2 మార్చి 2025

రేఖా,

ఆ ఉత్తరం చింపేసి పొయ్యిలో పెట్టెయ్. పోస్టు డబ్బాలో వేసిన గంటకే చెయ్యి లోపలికి పెట్టి తీసుకోవాలనిపించింది. డబ్బా మూతి చిన్నది.

నిన్న వలలో తాబేలు పడింది. పైకి లాగేసరికి బతికే ఉంది. నోట్లో సగం నమిలిన జెల్లీ ముక్క వేలాడుతోంది. అంత గందరగోళంలోనూ అది తన తిండి వదల్లేదు. డెక్కు మీద పెడితే మొదట కదల్లేదు. తల కిందికి వంచి పట్టుకున్నాం, నీళ్లు కక్కింది. ఎర్రన్న తలపాగా విప్పి దండం పెట్టాడు. ఇద్దరం పట్టుకుని నీళ్లలోకి దింపాం. నువ్వు అడిగినదానికి ఇది జవాబు. ఇదివరకు పడినవన్నీ ఇలా బతకలేదు, అదీ చెప్పాలి.

అది మునిగిపోయాక నీళ్లలో ఒక పెద్ద జెల్లీ కనబడింది. మీ మేడమ్ చెప్పినట్టే దాని గొడుగు కింద చిన్న చేపలున్నాయి. అది ఎటు పోతే అటు పోతున్నాయి, దారాలకి తగలకుండా. వాటినే చూస్తూ కూర్చున్నాను. నువ్వూ అంతే, నన్ను పట్టుకుని మా ఊరొచ్చావు, నేను చూస్తే ఇక్కడున్నాను.

ఓనరుకి నేనేం చెప్పలేదు. అది కోపంలో రాసిన మాట. అమ్మ గురించి రాసింది ఆమెకి చదివి వినిపించలేదు కదా? చోటు సంగతి సూరయ్య తాతకి ఇంకా చెప్పలేదు కదూ? చెప్పొద్దు. అలాగని నువ్వు తాడు పట్టుకోవాలని కూడా కాదు. ఏం చెయ్యమనాలో నాకు తెలియడం లేదు. నువ్వు నొచ్చుకోకూడదు, చోటు పోకూడదు, రెండూ కావాలి నాకు. ఎక్కడో మూడోది కూడా ఉంది, నువ్వు ఎదురుగా కావాలి.

నీ చెయ్యి ఎలా ఉందో నీ రాతతోనే రాయి. ఒక్క ముక్క రాసినా చాలు.

మోహన్


మొగలిదిబ్బ
9 మార్చి 2025

మోహనకృష్ణ గారికి,

తమరు ఫిబ్రవరిలో రాసిన ఉత్తరం నిన్న అందింది. పూర్తి పేరుతో సంతకం చేశారు కాబట్టి నేను కూడా పూర్తి పేరుతోనే పిలుస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి, సర్దుకోండి. రాసేది నా చెయ్యే.

నన్నెవరూ పంపలేదు. పుష్యం దగ్గర పడుతుంటే నేనే పొద్దున్నే లేచి, చీర ఎగ్గట్టి ఒడ్డుకెళ్లాను. సూరయ్య తాత నన్ను పైనుంచి కిందిదాకా చూసి "నీ వొల్ల అవుతాదేటే?" అన్నాడు. "ఇంటి చెయ్యి కావాలన్నావు తాతా. ఇది ఆ ఇంటి చెయ్యే కదా" అన్నాను. ఆయన పక్కకి జరిగాడు. నీళ్ల వైపు నుంచి మూడో చోటు. అడుగు పెట్టగానే అక్కడ నువ్వున్నట్టే అనిపించింది. నవ్వితే నవ్వు.

మూడోరోజు తాడు మీద జెల్లీ దారాలున్నాయి, నాకు తెలియలేదు. చెయ్యి మోచేతిదాకా వాచింది. నీకు చెబితే మాన్పిస్తావని గంజి అన్నాను. తర్వాత నీ పాత గళ్ల చొక్కా చించి రెండు చేతులకీ చుట్టుకుని వెళ్లాను. అత్త రోజూ వద్దని తిట్టేది, తిడుతూనే చేతికి కొబ్బరినూనె రాసేది. ఆమెని నువ్వు అన్న మాట అన్యాయం.

మాఘంలో ఒకరోజు వల కదల్లేదు. ఊరంతా వచ్చి పట్టినా కదల్లేదు. వల చిరిగిపోతుందని సూరయ్య తాత సంచి కొస విప్పించేశాడు. జెల్లీలన్నీ నీళ్లలోకి జారిపోయాయి, వాటితోపాటు చందువ చేపపిల్లలు కూడా మెరుస్తూ పోయాయి. వాటా కోసం తట్టతో వచ్చిన లక్ష్మణమ్మ ఇసుకలో కూలబడి ఏడ్చింది. ఆ మర్నాటి నుంచి మనుషులు తగ్గిపోయారు. కొందరు కేరళ వెళ్లారు, కొందరు ఆమదాలవలసలో ధాన్యం బస్తాలు మోయడానికి వెళ్తున్నారు. దక్షిణపు తాడు మీద ఒక రోజు నలుగురమే ఉన్నాం. నేను వదల్లేదు. ఎందుకంటే నువ్వు మేలో వచ్చి ఎక్కడ నిలబడతావు?

నీ ఉత్తరం పైకి చదివాను. అదే నేను చేసిన పొరపాటు. అత్త అంతా విని, తన మీద రాసింది కూడా విని, కొంగు బిగించుకుని తిన్నగా సూరయ్య తాత ఇంటికి వెళ్లింది. "మావోడు సోటు ఒద్దన్నాడు. నాకూ నా కోడలి సెయ్యే ఎక్కువ. మీ సోటు మీరు తీసీసుకోండి" అని అందరి ముందూ చెప్పి వచ్చేసింది. నేను పరిగెత్తేసరికే అయిపోయింది.

చోటు లేదు. మీ మాట నెగ్గింది. వచ్చే ఏడు కూడా ఓనరు దగ్గరే ఉండండి.

పొద్దున్న అలవాటుగా లేచి, గుడ్డలు చుట్టుకోబోయి ఆగిపోయాను. ఇంత బాధ నేను ఎప్పుడూ పడలేదు బావా.

రేఖ


మొగలిదిబ్బ
6 ఏప్రిల్ 2025

బావకి,

నువ్వు బోటు మీద నుంచి రాసిన ఉత్తరం నేను నీకు కోపంగా రాసింది పోస్టు చేసిన పదోనాడు వచ్చింది. "ఇంకా చెప్పలేదు కదూ" అన్న దగ్గర ఆగిపోయాను. ఈసారి మనసులోనే చదువుకుని, అత్తకి తాబేలు సంగతి మాత్రం చెప్పాను. "బతికినాదా? అయితే మంచిదే" అని రెండుసార్లు అంది. కాసేపటికి, "ఆడికి నా మీద కోపం పోయినాదా?" అని అడిగింది. పోయిందని చెప్పాను. నిజమే కదా?

ఇప్పుడు అసలు సంగతి. ఉగాదికి ముందే దక్షిణపు గాలి గట్టిగా తిరిగింది. నీళ్ల రంగు మారింది. ఒక రోజు వలలో జెల్లీలు తగ్గాయి, ఆ తర్వాత ఇంకా తగ్గాయి. అనూరాధ మేడమ్ వచ్చి, పూర్తిగా పోయాయని అనుకోవద్దని చెప్పింది. వాటి పిల్లలు రాళ్లకీ గట్లకీ చిన్న పువ్వుల్లా అతుక్కుని ఉండిపోతాయట, మళ్లీ అదను చూసి లేస్తాయట. వచ్చే ఏడు వస్తాయో రావో చెప్పలేనంది.

వల బాగుచేసి మళ్లీ వేసేముందు సూరయ్య తాత అందరినీ కూర్చోబెట్టి చోట్లు లెక్క చూశాడు. దక్షిణపు తాడు మీద మూడో చోటు దగ్గరికి వచ్చి ఆగాడు. "ఇది మోహనకృష్ణ ఒద్దన్నాడు. ఆడి తల్లి జగ్గమ్మ అప్పగించీసినాది. ఇప్పుడిది ఊరి సోటు. ఎవులికి ఇద్దామో సెప్పండి" అన్నాడు. నేను ఆడవాళ్ల వెనక నిలబడి ఉన్నాను. లేని మనిషికి వాటా ఏమిటని గొణిగిన హరిబాబే ముందు లేచాడు. "అడగడానికేటుంది? జెల్లీల్లో తాడు వొగ్గీకుండా ఉన్నది ఎవులు? మీమందరం ఎల్లిపోనాం. ఆ సాలూరు పిల్లకి ఇచ్చీండి" అన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఇంటి పేరున కాదు బావా, నా పేరున. రేఖ చోటు అని చెప్పుకుంటున్నారు. మర్నాడు వలలో కానాగంతలు పడ్డాయి. బోలెడు కాదు గానీ, బుట్టలు నిండాయి. నా వాటా నా చేతికే ఇచ్చారు. అత్త అందులో నీకిష్టమైనవి ఏరి ఎండబెట్టింది.

సంతోషంగానూ ఉంది, భయంగానూ ఉంది. ఒక ఇంటికి ఒకటే చోటు. నీ చోటు నిలబెట్టబోయి నేనే తీసేసుకున్నాను. నువ్వు వస్తే ఏం చేస్తావు? ఈ చోటు కోసమే వస్తానన్నావు కదా. అది లేదని తెలిసి కూడా వస్తావా?

మా నాన్నకి నేనే ఫోన్ చేసి చెప్పాను. తిడతాడనుకున్నాను. "మీ తాతది ఉత్తరపు తాడు" అన్నాడు. అంతకుముందెప్పుడూ నాకు ఆ సంగతి చెప్పలేదు.

నీ
రేఖ


వెరావల్
27 ఏప్రిల్ 2025

రేఖా,

ముందు నవ్వొచ్చింది. నా చోటు నా పెళ్లామే కొట్టేసిందని ఎర్రన్నకి చెప్పాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత పక్కకి వెళ్లి కూర్చుంటే ఏడుపొచ్చింది. అబద్ధం ఎందుకు, కొంచెం నొప్పిగానే ఉంది. నాన్న నిలబడిన చోటు, నేను నిలబడిన చోటు. కానీ అక్కడ ఇంకెవరో ఉన్నారని వింటే ఎలా ఉండేదో ఊహించుకుని, నువ్వున్నావు అనుకుంటే మనసు కుదుటపడింది. నా చొక్కా కూడా అక్కడే ఉంది.

అమ్మకి చెప్పు, కోపం నా మీద నాకే. వచ్చి కాళ్లు పట్టుకుంటాను.

మే ఇరవైన ఇక్కడి లెక్క చూసుకుని రైలెక్కుతాను. ఆమదాలవలసలో దిగుతాను. ఓనరు వచ్చే ఏడు రమ్మన్నాడు, రానని చెప్పేశాను. ఈసారి నిజంగా చెప్పాను. జెల్లీలు మళ్లీ వస్తే మళ్లీ చూద్దాం. ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ ఉండి మాత్రం ఇక చూడొద్దు.

సూరయ్య తాతని అడుగు, నాకు ఏదైనా చోటు ఉందేమో. లేకపోతే వల మోస్తాను, తట్టలు కడుగుతాను, నీ చేతికి గుడ్డలు చుడతాను. ఉందో లేదో రాయి. లేకపోయినా వస్తాను.

మీ బావ
మోహన్


మొగలిదిబ్బ
8 మే 2025

బావకి,

ఇది నువ్వు రైలెక్కేలోగా అందాలని పొద్దున్నే పోస్టాఫీసుకి నడిచి వెళ్లి వేస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు, కానీ దారి పొడుగునా చదువుకోవడానికి నీకేదైనా ఉండాలి కదా.

సూరయ్య తాతని అడిగాను. చుట్ట వెలిగించుకుని చాలాసేపు నన్ను ఏడిపించాడు. "దచ్చినం తాడు నిండిపోనాది. అయినా మొగుడూ పెళ్లాం ఒకే తాడు మీద ఉంటే కబుర్లు కదుల్తాయి గానీ తాడు కదల్దు" అన్నాడు. నా మొహం చూసి మరి నవ్వాపుకోలేకపోయాడు. నరసింగరావు మామ కుటుంబంతో కేరళలోనే ఉండిపోతున్నాడట, తన చోటు వదిలేశాడు. ఒక ఇంటికి రెండు చోట్లు కట్టు కాదు గానీ, మనుషులు తగ్గిపోయి ఆ తాడు మీద చేతులు చాలడం లేదు కాబట్టి, అందరూ ఒప్పుకున్నారు.

అది ఉత్తరపు తాడు. అన్నిటికంటే చివరి చోటు, మొగలి పొదల దగ్గర. నేనుండేది ఈ చివర. మొదలుపెట్టేటప్పుడు నువ్వు నాకు కనబడవు. చొక్కా రంగు కూడా ఆనదు.

అయినా పరవాలేదు. ఇంత దూరంలో ఉండి, ఇన్ని నెలలు లాగాం. వల నీళ్లలో పడ్డాక నేను ఇటు నుంచి ఒక్కో అడుగూ జరుగుతూ వస్తాను. నువ్వు అటు నుంచి రా.

నీ
రేఖ